ఇంటి కర్బన పాదముద్ర: రూపాయల్లో కాదు, యూనిట్లలో లెక్క

కర్బన పాదముద్ర అంటే మన ఇంటి కరెంటు, గ్యాస్, పెట్రోలు, తిండి, బట్టల వల్ల గాలిలో చేరే బొగ్గుపులుసు వాయువు, దానిలాగే భూమిని వేడెక్కించే ఇతర వాయువుల మొత్తం బరువు. దీన్ని కిలోల్లో చెబుతారు. పద్దు రాసే అలవాటున్న ఏ ఇంట్లోనైనా వేసుకోదగిన ఈ లెక్కను సభ్య కుటుంబాల కోసం ఇక్కడ ఇస్తున్నాము.

గుర్తుంచుకోవలసిన అంకెలు (సుమారుగా)

కరెంటు: 1 యూనిట్‌కు 0.7 కిలోలు. దేశ సగటును కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రకటిస్తుంది.
వంట గ్యాస్: 14.2 కిలోల బండకు 42 కిలోలు. మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ కలుస్తుంది కనుక బరువు పెరుగుతుంది.
పెట్రోలు: లీటరుకు 2.3 కిలోలు.
డీజిల్: లీటరుకు 2.7 కిలోలు.

ఒక ఉదాహరణ

నలుగురున్న ఇంట్లో నెలకు 150 యూనిట్లు, ఒక బండ, 20 లీటర్ల పెట్రోలు ఖర్చయ్యాయనుకుందాం. కరెంటుకు 105, గ్యాస్‌కు 42, పెట్రోలుకు 46. మొత్తం 193 కిలోలు. తలకు సుమారు 48. ఫ్రిజ్, ఫ్యాను, పొయ్యి పదిమందీ పంచుకునే ఉమ్మడి ఇంట్లో మొత్తం ఎక్కువగా కనిపించినా, తలసరి తక్కువగా ఉండవచ్చు. అందుకే తలసరి కూడా చూడాలి.

బిల్లు సున్నా అయినా

కర్ణాటకలో గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇళ్లకు 200 యూనిట్ల లోపు బిల్లు సున్నా రావచ్చు. తమిళనాడులో రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితం. డబ్బు కట్టకపోయినా వాడిన యూనిట్లు వాడినట్టే. తమిళనాడు బిల్లు రెండు నెలలది కనుక సగం చేసుకోవాలి. బెంగళూరులో వెలిగే దీపానికి కొంత కరెంటు రాయచూరు బొగ్గు కేంద్రం నుంచి వస్తుంది. రాయచూరులోనూ, మహారాష్ట్రలోని చంద్రపూర్‌లోనూ మనవాళ్ల ఇళ్లు ఆ పొగగొట్టాలకు ఎంతో దూరంలో లేవు. ఒకచోట ఆర్పిన దీపం మరొకచోటి మనవాళ్లకూ మేలే.

బిల్లులో రానివి

నీళ్లు నిలిచిన వరిమళ్లలో, పశువుల కడుపులో మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 28 రెట్లు వేడి పుట్టిస్తుంది. కనుక బియ్యానికి, పాలకూ పాదముద్ర ఉంది. పొలాన్ని బట్టి, మేతను బట్టి ఇది మారుతుంది. ఇంట్లో కచ్చితంగా తేల్చలేము. నెలకు ఎన్ని కిలోల బియ్యం, ఎన్ని లీటర్ల పాలు వాడారో, ఎంత అన్నం పారబోశారో వేరే గడిలో రాసుకుంటే చాలు. పారబోసిన అన్నం వెనుక పొలం, మిల్లు, లారీ, పొయ్యి అన్నీ ఉంటాయి.

ఎలా మొదలుపెట్టాలి

ఒక్క నెల లెక్క మోసం చేస్తుంది. ఎండాకాలంలో కరెంటు పెరుగుతుంది, బండ నెలాఖరుకే అయిపోదు. ఏడాది బిల్లులు, బండల రసీదులు కూడి 12తో భాగించండి. పక్కింటితో పోటీ అక్కరలేదు. నిరుటి మన అంకె కంటే ఈ ఏటి అంకె తగ్గిందా లేదా అన్నదే చూడవలసినది.