గూగుల్లో దొరికిన ప్లీడరు

ఐదేళ్ల కిందటి మాట. రాత్రి పదకొండున్నరకి పిన్ని ఫోన్ చేసింది. బాబాయి కారు ఒక స్కూటరుకి తగిలిందట, స్కూటరాయన కాలు విరిగిందట, బాబాయిని స్టేషన్లో కూర్చోబెట్టారట. "ఒరేయ్, నువ్వు కంప్యూటర్లలో ఉంటావు కదా, ఎవరన్నా మంచి లాయర్ని చూడరా" అంది. కంప్యూటర్లలో ఉండేవాడు ఏం చేస్తాడు? గూగుల్లో వెతికా. పైవరసలోనే ఒకాయన తగిలాడు. ఇరవై నాలుగ్గంటలూ సేవ, గ్యారంటీ బెయిలు! పాతికవేలు ముందే వేయమన్నాడు. వేశా.

మర్నాడు తేలిందేంటంటే, బాబాయి మీద పెట్టినవి అప్పటి ఐపీసీ 279, 338 సెక్షన్లు. రెండూ బెయిలబుల్. అంటే పూచీ ఇచ్చేవాడుంటే స్టేషన్లోనే వదిలిపెట్టాలి. అది ముద్దాయి హక్కు, ఎవరి దయా అక్కర్లేదు. ఈ ముక్క నాకు చెప్పింది స్టేషన్ రైటరు, అదీ నవ్వుతూ. మా దగ్గరున్న వస్తువునే మాకు పాతికవేలకి అమ్మాడన్నమాట మన గ్యారంటీ వకీలు.

డబ్బు పోతే పోయింది గానీ, ఒక అనుమానం మాత్రం పీకుతూనే ఉండేది. మన దేశంలో లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు కదా, మరి ఈయనెలా కనపడ్డాడు? ఆ తీగ లాగితే డొంక చాలా దూరం కదిలింది.

1879లో తెల్లవాళ్లు లీగల్ ప్రాక్టీషనర్స్ యాక్టు అని ఒకటి చేశారు. తర్వాతి సవరణలతో అందులోకి "టౌటు" అనేవాడు వచ్చాడు. టౌటంటే కమీషను పుచ్చుకుని కక్షిదారుణ్ణి ఫలానా ప్లీడరు దగ్గరికి తోలేవాడు. వీడెక్కడ తిరుగుతాడో కూడా చట్టంలోనే రాశారు: కోర్టు ఆవరణలు, రెవెన్యూ ఆఫీసులు, రైల్వే స్టేషన్లు, పడవల రేవులు, బస చేసే చోట్లు. నాకు భలే నచ్చింది ఈ జాబితా. ఊరినుంచి బెదురు చూపులతో దిగే మనిషి ఎక్కడెక్కడ దిగుతాడో అక్కడల్లా టౌటు ఉంటాడు. ఇప్పుడా మనిషి దిగేది సెర్చ్ పేజీలో, అంతే తేడా. టౌట్ల పేర్లతో పట్టీ రాయించి కోర్టుల్లో వేలాడదీయమని కూడా ఆ చట్టం చెప్పింది.

అన్నట్టు, ఆ పాత చట్టాన్ని 2023లో రద్దు చేసి టౌట్ల సంగతిని అడ్వకేట్స్ యాక్టులోకి మార్చారు. జాబితాకెక్కాక కూడా టౌటుపని చేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అవును, అయిదువందలే. నాకు పడిన దెబ్బలో యాభయ్యో వంతు :)

ప్రకటనలు వద్దనే నియమం పెద్దమనుషుల డాబు కోసం పుట్టిందని మొదట్లో అనుకునేవాణ్ణి. కొంత నిజమే. కానీ డభోల్కర్ కేసు చదివాక నోరు కాస్త తగ్గింది. బొంబాయి ఎస్ప్లనేడ్ మేజిస్ట్రేటు కోర్టు దగ్గర 1960లలో జరిగిన భాగోతం అది. కొందరు క్రిమినల్ లాయర్లు కోర్టు గుమ్మంలో కాపు వేసి, ఎవరన్నా కక్షిదారు కనబడగానే ఎగబడి, కాగితాలు లాక్కుని, ఒకడు చెప్పిన ఫీజుకంటే ఇంకొకడు తగ్గించి చెప్పి, చివరికి కలబడేదాకా వెళ్లేవాళ్లని అభియోగం. మన బస్టాండులో ఆటోవాళ్లు గుర్తొచ్చారు నాకు (ఆటోవాళ్లు నయం, కాగితాలు లాక్కోరు). వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1975లో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు సారాంశం: న్యాయవాద వృత్తి వ్యాపారం కాదు, కేసులు సరుకులు కావు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో కథ రెండో వైపు తిరిగింది. అక్కడ లింకన్ అంతటివాడు 1837లో పేపర్లో తన ప్రాక్టీసు గురించి ప్రకటన వేయించుకున్నాడు. 1908లో వాళ్ల బార్ అసోసియేషన్ ఇదంతా కూడదంది. 1976లో అరిజోనాలో బేట్స్, ఓస్టీన్ అనే ఇద్దరు కుర్ర లాయర్లు గొడవల్లేని విడాకులకి 175 డాలర్లు, కోర్టు ఫీజు 20 అదనం అని పేపర్లో వేసేశారు. క్రమశిక్షణ చర్య పడింది. మరుసటి ఏడాది వాళ్ల సుప్రీంకోర్టు 5-4 తేడాతో వీళ్ల పక్షాన నిలిచింది. నిజమైన ధర చెప్పడం కూడా భావప్రకటనే అంది. ఆ రాత్రి నాకు కావలసింది కూడా ఇలాంటి పొడి సమాచారమే కదా?

మన దగ్గర మాత్రం బార్ కౌన్సిల్ 36వ నియమం. బోర్డు సైజు కూడా మితంగా ఉండాలి. 2008లో సవరించి వెబ్‌సైట్లకి ఒప్పుకున్నారు: పేరు, అడ్రసు, ఫోను, ఎన్‌రోల్‌మెంటు నంబరు, చదువు, ఏ రకం కేసులు చూస్తారు. అంతే. ఫీజు ఊసు ఈ పట్టీలో లేదు. పద్ధతిగా ఉండే ప్లీడరు ఈ నాలుగు ముక్కలూ రాసుకుని కూర్చుంటాడు. సెర్చ్ ఇంజనుకి నాలుగు ముక్కలు చాలవు, ఆయన పదో పేజీలో పడతాడు. నియమాన్ని లెక్కచెయ్యనివాడు మొదటి పేజీలో ఉంటాడు. మా భాషలో చెప్పాలంటే, నిజాయితీపరుల్ని మాత్రమే ఆపే ఫైర్‌వాల్ ఇది.

2024 జులైలో మద్రాసు హైకోర్టు ఈ విషయంలో గట్టిగానే కోప్పడింది. క్వికర్, సులేఖా, జస్ట్‌డయల్ వంటి సైట్ల మీద వేసిన కేసులో, ఇలా కేసులు పట్టే లాయర్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాల బార్ కౌన్సిళ్లకి చెప్పాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాని ఆదేశించింది.

పోనీ పూర్తిగా వదిలేద్దామా అంటే, వర్జీనియాలో హంటర్ అనే క్రిమినల్ లాయరు కేసుంది. ఆయన తన వెబ్‌సైటులో తను వాదించిన కేసుల గురించి రాసేవాడు. రాసినవి చాలావరకు గెలిచినవే, కక్షిదార్ల పేర్లతో సహా. 2013లో అక్కడి సుప్రీంకోర్టు రెండు ముక్కలు చెప్పింది. ఒకటి, ఇది ప్రకటనే, కాబట్టి అన్ని కేసులూ ఇలాగే గెలుస్తాయని అనుకోవద్దనే హెచ్చరిక పెట్టాలి. రెండు, కేసు ముగిశాక, బహిరంగ కోర్టులో బయటపడిన సంగతుల్ని కక్షిదారు అనుమతి లేకుండానే రాసుకోవచ్చు.

మొదటిది సరే. రెండోదాన్ని చట్టం ఒప్పుకుంటుందేమో గానీ నాకు మాత్రం మింగుడు పడలేదు. కోర్టు హాల్లో విన్నవాళ్లు పదిమంది, సాయంత్రానికి మర్చిపోతారు. గూగుల్ మర్చిపోదు. నిర్దోషిగా బయటపడినవాడి పేరు కొడితే మొదట వచ్చేది ఏ నేరంలో బయటపడ్డాడన్నదే. కూతురికి సంబంధాలు చూస్తున్నప్పుడు అవతలివాళ్లు ఏం వెతుకుతారో మీకు వేరే చెప్పాలా? ఊరంతా అన్నా పట్టించుకోం, సొంత ప్లీడరే ఆ పేరుని తన షాపు బోర్డు మీద రాసుకుంటే?

బాబాయి కేసు తర్వాత రెండేళ్లు నడిచింది. చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అయింది. వాదించింది ఆ ఊళ్లోనే ఉన్న ఒక పెద్దాయన. ఆయనకి వెబ్‌సైటు లేదు, బోర్డు మీద అక్షరాలు కూడా సగం రాలిపోయాయి. ఆయన ఉన్నాడని మాకు చెప్పింది కూడా ఆ స్టేషన్ రైటరే. ఇది రాయబోయే ముందు ఆయన్ని 1879 నాటి లెక్కలో ఏమనాలా అని కాసేపు ఆలోచించాను. మరి కమీషను తీసుకున్నాడో లేదో నేను అడగలేదు.