మన్నెమున బాప్తిస్మము



క్రైస్తవమతమును క్రొత్తగా స్వీకరించువారు పొందు బాప్తిస్మమునకు అర్థమేమి యను ప్రశ్నకు వేదాంతగ్రంథములందు సమాధానములు పెక్కు కలవు. వానిని వల్లించుట నా యుద్దేశము కాదు. ఖమ్మము సీమకును భద్రాచలమునకును నడుమ వ్యాపించిన యీ యడవి పట్టున, నూటయరువదియేండ్లకు మించిన కాలములో, ఆ నీరు తలపై పడిన మనుష్యునకును అతని యూరికిని ఏమి సంభవించెనో ఆ చరిత్రను కొంత మనవి చేయదలచితిని.

ముందుగా మాటను గూర్చి. ప్రొటెస్టెంటులు బాప్తిస్మ మందురు. రోమను కథోలికులు జ్ఞానస్నాన మందురు. మొదటిది గ్రీకు మాట. ముంచుట యని దాని మూలార్థము. రెండవది మన దేశభాషలలో కూర్చుకొన్న పేరు. స్నానము మనకు వింత కాదు. పండ్రెండేండ్ల కొకమారు పుష్కరములలో గోదావరి మునిగినవాడు పుణ్యము మూటగట్టుకొని తన యింటికే, తన కులమునకే, తన వేల్పుల యొద్దకే మరలివచ్చును. బాప్తిస్మమునకు తలవంచినవాడు మాత్రము వెనుకటివాడుగా మరలిరాడు. పాతమనిషి నీటిలో చచ్చి క్రొత్తమనిషి లేచెనని క్రైస్తవులు చెప్పుదురు. మతాచార్యునకు ఇది ఉపమానము. ఊరివారి కిది ఉపమానము కాదు. తమలోని యొకడు నిజముగనే తమకు లేకపోయెనా యని వారు భయపడిరి.

ఈ కథ దుమ్ముగూడెమున ఆరంభమైనది. భద్రాచలము, రేకపల్లి తాలూకాలు 1860 వరకు నైజాము ప్రభుత్వము క్రింద నుండి, ఆ యేట ఆంగ్లేయుల వశమయ్యెను. మొదట మధ్యరాష్ట్రములలోని ఎగువ గోదావరి జిల్లాలో చేర్పబడి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలుపబడెను. నదికి ఆవలిగట్టున బూర్గంపాడు, పాల్వంచ సీమలును, వాని వెనుక ఖమ్మమును నైజాము రాజ్యముననే నిలిచెను. నది యొకటి, ప్రభుత్వములు రెండు. ఈ సంగతి ముందు పనికివచ్చును గనుక జ్ఞాపకముంచుకొనుడు.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసిన పిమ్మట, ఎగువ గోదావరిలోనికి పడవలు నడపవలెనను కాటను దొరగారి సంకల్పమును బట్టి దుమ్ముగూడెమువద్ద ఆనకట్టయు కాలువయు లాకులును కట్టసాగిరి. ఆ పనిని నడపిన ఇంజనీరు కెప్టెను హేగు దైవభక్తి కలవాడు. కోయలకు తన మతము తెలుపువా రెవ్వరును లేరని తలచి, చర్చి మిషనెరీ సంఘమువారిని రప్పింప యత్నించెను. 1861లో ఇచ్చట మిషను ఏర్పడెను. అయితే మొదట నిలబడి పనిచేసినవాడు దొర కాదు. ఆ పనులకు సంబంధించిన సరఫరా శాఖలో ఉద్యోగియగు ఐ. వెంకటరామరాజుగారు, రాజుల కులమువారు, క్రైస్తవులై, సర్కారు కొలువు విడిచి, కోయపల్లెలు తిరుగుటకు పూనుకొనిరి. 1872లో వారికి గురుపట్టమీయబడెను. విచిత్రమేమనగా, దానికి ముందటి యేడే, అనగా 1871లో, ఖర్చు మోయలేక ప్రభుత్వమువారు నౌకామార్గపు పనిని మాని వేసిరి. గొప్ప పని యాగిపోయెను, దాని వెంట వచ్చిన చిన్నపని నిలిచెను.

కొంతకాలమునకు వచ్చిన జాన్ కేయిన్ దొరగారు కోయల యాచారములను శ్రద్ధతో గమనించి, 1876 మొదలుకొని ఇండియన్ ఆంటిక్వరీ యను పత్రికలో ఈ తాలూకాలను గూర్చి వ్యాసములు ప్రకటించిరి. చెప్పవచ్చినవాడు ముందు వినుట నేర్చెను, ఇది మెచ్చదగినది. అయినను కోయలు గుంపులుగా రాలేదు. ఆ తొలిదినములలో బాప్తిస్మము పొందినవారిలో మాలలే ఎక్కువ.

కోయలు రాకుండుటకు హేతువు మూఢత్వమని కొందరు దొరలు వ్రాసిరి. నా కట్లు తోచదు. కోయవాని కొక్క దేవుడు అధికమైనంత మాత్రమున చిక్కు లేదు. భద్రాద్రి రామునకు మ్రొక్కెను, ముత్యాలమ్మకు మ్రొక్కెను, తన గట్టు వేల్పునకు మ్రొక్కెను, ఏసునకును మ్రొక్కగలడు. పెద్దలు దానికి పలుకరు. కాని విత్తనముల పండుగకు ఇంటింటి గింజలు ఒకచోట చేరవలెను. కొత్తల పండుగ కానిదే క్రొత్తపంట నోట పెట్టరాదు. వేటకు అందరును కదలవలెను. ఇవి ఒక్కొక్కని భక్తి కాదు, ఊరికంతకు కలిసియున్న బాధ్యత. ఒక యిల్లు గింజలీయనన్నచో, వాన తప్పినప్పుడు ఆ యింటివైపే అందరి కన్నులు తిరుగును. కనుక వారు నమ్మకమునకు వెరవలేదు, నీటికి వెరచిరి. మనస్సులో నమ్మినది ఎవరికిని కానరాదు. బాప్తిస్మమన్ననో పదిమంది యెదుట, వేల్పులను విడిచితినని నోటితో పలికి పొందవలసినది. ఇంగ్లాండు సంఘపు ప్రార్థనపుస్తకమున వయస్సు వచ్చినవారి బాప్తిస్మమునకు వేరు క్రమము 1662లో చేర్చబడెను. దూరదేశముల వలసలలోని స్వదేశీయులకు ఉపయోగపడునను తలంపు దాని కొక కారణమని ఆ పుస్తకపు పీఠికయే చెప్పుచున్నది. లండనులో ఆ క్రమము వ్రాసినవారికి విత్తనముల పండుగ సంగతి యెట్లు తెలియును?

పట్టణములలోను ఇదే భయము వేరు రూపమున పుట్టెను. మచిలీబందరులో రాబర్టు నోబిలు దొరగారు 1843లో పాఠశాల పెట్టిరి. తొమ్మిదేండ్లపాటు పెద్దకులముల పిల్లలు బైబిలు చదివిరి, తలిదండ్రు లభ్యంతరపెట్టలేదు. 1852లో మంచాల రత్నము, ఐనాల భూషణము అను యువకులిద్దరు బాప్తిస్మము పొందగానే ఊరు అల్లకల్లోలమయ్యెను, పాఠశాల దాదాపు ఖాళీ యయ్యెను. చదువు వలన కలుగని భీతి గిన్నెడు నీటివలన కలిగెను.

బెజవాడ సీమలోని రాఘవాపురమున జరిగినది మరియొక తీరు. పగోలు వెంకయ్య మాలకులజుడు, ఒకప్పుడు దోపిడిమూకకు నాయకుడు. ప్రతిమలకు మ్రొక్కుట మాని, పేరెరుగని పెద్దదేవుని తనంతట తాను వేడుకొనుచుండి, 1859లో డార్లింగు దొరగారి బోధ విని బాప్తిస్మము పొందెను. అతనితో బంధువులు వచ్చిరి, వారి వెనుక పల్లెలు వచ్చినవి. ఇచ్చట మాలపల్లె పల్లెగా కదలినది గనుక ఒంటరితన మను బాధ లేదు. వచ్చిన పోరు భూస్వాములతోడిది. జాతరలో చేయవలసిన ఊడిగము ఎవరు చేయుదురు? ఆదివారము పొలమునకు ఎవరు వచ్చెదరు? ఈ ప్రశ్నలకై తిన్న దెబ్బలు తక్కువ కావు.

అన్నమునకై మతము మారిరను నింద నాడును ఉండెను, నేడును ఉన్నది. దానిని తేలికగా త్రోసిపుచ్చరాదు. కరవులో సాయము చేయు చేయి వైపు మనుష్యుడు తిరుగుట సహజము. ఆ నిందను మిషనువారే యెరుగుదురు. ఒంగోలున జాన్ క్లౌ దొరగారు 1876-78 నాటి ధాతుకరవులో బకింగుహాము కాలువ త్రవ్వకము గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించిరి. కాని ఆ సాయము జరుగుచున్నంత కాలము ఎంతమంది యడిగినను బాప్తిస్మ మీయలేదు. కరవుసాయము ముగిసిన తరువాతనే, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లివద్ద ఒక్కదినమున 2,222 మంది మునిగిరి. అన్నము నిలిచిన పిమ్మట వచ్చినవారిని అన్నమునకు వచ్చిరనుట న్యాయము కాదని నా యభిప్రాయము. ఇంకొక కరవు రాకపోదు, ఆదుకొనువారుందురను నాశ వారిలో కొందరికి లేదనియు చెప్పజాలను.

ఇట్లు వేచియుంచుట క్రొత్త పద్ధతి కాదు. మూడవ శతాబ్దమున రోమా సామ్రాజ్యములో, బాప్తిస్మము కోరినవానిని మూడేండ్లు బోధలో నుంచి, వాని వృత్తి యేమి, నడత యేమి యని విచారించి, సాక్షులు చెప్పిన పిమ్మట ఈస్టరు పండుగవేళ నీటికి దింపుచుండిరి. కాన్‌స్టంటైను చక్రవర్తి 313లో క్రైస్తవులకు స్వేచ్ఛ నొసగియు, తాను మాత్రము 337లో మరణశయ్యపై గాని బాప్తిస్మము పొందలేదు. చక్రవర్తులే అంత వెనుదీసిన కార్యమునకు కోయపెద్ద వెనుదీసెననిన ఆశ్చర్య మేల?

మన్నెమున మరియొక చిక్కు కలదు. ఇద్దరు భార్యలున్న గృహస్థుడు బాప్తిస్మము కోరినయెడల ఏమి చేయవలెను? ఇంగ్లాండు సంఘపు బిషపులు 1888లో లాంబెతు సభలో కూడి, అట్టి పురుషునికి బాప్తిస్మమీయరాదు, బోధలో మాత్రము ఉంచవచ్చును, భార్యలకు కొన్ని సందర్భములలో ఈయవచ్చును అని తీర్మానించిరి. కాగితముపై చక్కగా నున్నది. ఇంటిలో మాత్రము, భార్యలు సంఘములోపల, భర్త గుమ్మమువద్ద. రెండవభార్యను వెడలగొట్టి రమ్మన్నచో పాపము ఎవరిది? నూరేండ్లకు, 1988లో, అదే సభవారు మనసు మార్చుకొని, క్రొత్తగా పెండ్లాడనని మాట యిచ్చినవానిని, అచ్చటి సంఘము సమ్మతించినచో, భార్యాపిల్లలతో చేర్చుకొనవచ్చుననియు, భార్యలను విడువుమని బలవంతము చేయరాదనియు చెప్పిరి. ఇంత చిన్న న్యాయము తోచుటకు శతాబ్దము పట్టినది.

ఇక దోర్నకల్లు. నైజాము రాజ్యమున ఖమ్మమునకు పొరుగుననున్న యీ రైలుకూడలికి తిరునల్వేలి క్రైస్తవులు 1903లో స్థాపించిన భారత మిషనెరీ సంఘము తన బోధకులను పంపెను. అందు ముఖ్యుడైన వేదనాయకం శామ్యూలు అజరయ్యగారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై, ఇంగ్లాండు సంఘములో బిషపు పదవి నొందిన మొదటి భారతీయులైరి. తరువాత దుమ్ముగూడెమును వారి యధికారముననే చేరెను. దొర యిచ్చు బాప్తిస్మమును తమిళదేశపు పల్లెవాడిచ్చు బాప్తిస్మమును ఒకటేనా యని వేదాంతులు నవ్వుదురు గాని, చూచువారికి ఒకటి కాదు. పరాయివాని మతమను మాట కొంత పలుచబడెను.

అజరయ్యగారు బాప్తిస్మమున కొక క్రొత్తయర్థమును పల్లెజనుల చేతికిచ్చిరి. క్రొత్తవిశ్వాసుల చేత వారి చేయి వారి తలపైననే పెట్టించి, నేను బాప్తిస్మము పొందినవాడను, సువార్త చెప్పకున్నచో నాకు కీడు కలుగును అను భావముగల ప్రతిజ్ఞ చేయించెడివారు. తరతరములుగా ఆజ్ఞలు వినుటయే గాని చెప్పుట యెరుగని మాల మాదిగలకు, నీవు పలుకవలసినవాడవు అని యెవరైన చెప్పుట అదియే మొదలు గావచ్చును. నా మట్టుకు, ఆ చరిత్రలో మిక్కిలి విలువగలది ఇదియే. పండితులు ముంచుటయా చిలకరించుటయా యని వాదులాడుకొనిరి. తమిళదేశమున పిలక తీయవలెనా వలదా యని 1867లో కాల్డ్‌వెల్ దొరగారొక పుస్తకమే వ్రాసిరి. వాని నటుంచుదము.

నీరు ఆరిపోవును గాని, దాని జాడ సర్కారు దస్తరములలో నిలిచిపోవును. ఆంగ్లేయులు 1850లో చేసిన ఇరువదియొకటవ చట్టము, మతము మార్చుకొన్నవాని ఆస్తిహక్కు అంతమాత్రమున పోరాదని విధించెను. ఆ చట్టము దుమ్ముగూడెపు గట్టున చెల్లెను. నైజాము గట్టున బ్రిటిషు చట్టమునకు అధికారము లేదు. ఒకే బోధకుడు ఉదయము ఈ గట్టున, సాయంకాలము ఆ గట్టున బాప్తిస్మమిచ్చినచో, ఒకనికి తండ్రి పొలమందు ఆంగ్ల చట్టపు రక్షణ కలదు, మరియొకనికి లేదు.

స్వరాజ్యమున గట్లు రెండును ఒకటైనవి. భేదము మాత్రము వేరొకచోటికి మారినది. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులపు హోదా హిందువులకే పరిమితమయ్యెను, 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరింపబడెను, క్రైస్తవులకు కాలేదు. మన తెలుగు రాష్ట్రములలో అట్టివారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గమున చేర్చిరి. షెడ్యూల్డు తెగల యుత్తరువునందో, మతనియమ మేదియు లేదు. అనగా ఒకే దినమున, ఒకే నీట, ఒకే గురువుచేత బాప్తిస్మము పొందిన మాలయువకుడును కోయయువకుడును బయటికి వచ్చునప్పటికి, మొదటివాడు చట్టము దృష్టిలో తన వెనుకటి హోదాను కోల్పోయినవాడు, రెండవవాడు కోల్పోనివాడు. మాలవాడలో కొందరు కాగితములయందు పాతపేరుతోనే యుండి, ఆదివారము గుడిలో క్రొత్తపేరుతో పిలువబడుట ఇందువలననే. వారిని దొంగలని తిట్టుటకు ముందు ఈ లెక్క చూడవలెను.

కోయయువకుని సంగతియు పూర్తిగా తేలలేదు. కేరళకు సంబంధించిన యొక వ్యాజ్యములో 2004లో సుప్రీముకోర్టువారు, మతము మారినంత మాత్రమున తెగ సభ్యత్వము పోదనియు, అయితే అతడింకను తెగ యాచారములను పాటించుచున్నాడా, తెగవారు అతనిని తమవానిగా నెంచుచున్నారా యనునది సాక్ష్యముచేత తేలవలెననియు చెప్పిరి. ఆ సాక్ష్యము చెప్పవలసినవారు గుడిలోని గురువులు కారు, కచ్చేరిలోని గుమాస్తాలును కారు, మీరే. విత్తనముల పండుగనాడు తన వంతు గింజలు తెచ్చి పోసి, బలివేళ మాత్రము చెట్టుక్రింద ప్రక్కకు తొలగి నిలిచినవానిని మీ యూరి లెక్కలో ఎక్కడ వ్రాయుదురు?