డోర్నకల్‌కు వచ్చిన సెక్రటరీ సాబ్

ఖమ్మం నుంచి కాజీపేట వైపు రైలెక్కితే డోర్నకల్ జంక్షన్ వస్తుంది. భద్రాచలం రోడ్డు లైను చీలేది అక్కడే. పేరుకే భద్రాచలం రోడ్డు, దిగేది కొత్తగూడెంలో! డోర్నకల్‌లో ఒక పెద్ద గిర్జాఘర్ ఉంది. దాని గుంబద్‌లు చూస్తే మన కట్టడమే అనిపిస్తుంది, స్తంభాలు చూస్తే గుడి మండపం గుర్తొస్తుంది. 1939లో పూర్తయిన ఆ ఇమారత్‌ను కట్టించింది బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1912లో ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి హిందుస్తానీ బిషప్ అయ్యారాయన. ఆయన బిషప్‌గిరీ గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పదలచింది అంతకుముందు ఆయన చేసిన నౌకరీ గురించి. 1895 నుంచి 1909 దాకా, పద్నాలుగేళ్లు, నౌజవాన్ల మధ్య పనిచేయడమే ఆయన పేషా.

వైఎంసీఏ పేరు మనకు హాస్టల్‌గానో, ఆటస్థలంగానో తెలుసు. 1844లో లండన్‌లో బట్టల దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్ల కోసం జార్జ్ విలియమ్స్ మొదలుపెట్టిన అంజుమన్ అది. 1855లో వేర్వేరు ముల్కుల సంఘాలు పారిస్‌లో కలిసి ఒక ప్రపంచ కూటమి కట్టుకున్నాయి. అందులో జీతం మీద, పూర్తికాలం నౌజవాన్ల బాగోగులు చూసే మనిషిని ‘సెక్రటరీ’ అనేవాళ్లు. కాగితాలు రాసే గుమాస్తా కాదు. కుర్రాళ్లతో కూర్చోవడం, చదివించడం, ఆడించడం, దారితప్పితే వెనక్కి పిలవడం, ఇదీ అతని పని. ఈ పనికి తాలీమ్ కావాలని అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1885లో ఒక మదర్సానే తెరిచారు. చలికాలంలో కుర్రాళ్లను లోపల ఆడించడానికి ఏదో ఒకటి కావాలని 1891లో అక్కడి ఉస్తాద్ జేమ్స్ నైస్మిత్ కనిపెట్టిందే బాస్కెట్‌బాల్. మద్రాసు వైఎంసీఏ 1890లో మొదలైంది, అదీ డేవిడ్ మెక్‌కొనాఘీ అనే అమెరికా సెక్రటరీ చేతుల మీదుగా.

తిరునెల్వేలి జిల్లా పల్లెలో పుట్టిన అజరయ్య ఇరవై ఒక్క ఏళ్లకే ఈ పనిలో చేరారు. అమెరికా నుంచి వచ్చిన షేర్వుడ్ ఎడ్డీ ఆయనకు సాటి సెక్రటరీ, జిగ్రీ దోస్త్. 1907లో విద్యార్థి సంఘాల ప్రపంచ మహాసభకు టోక్యో దాకా వెళ్లివచ్చారు. అప్పటికే 1903లో పాళయంకోట్టైలో ఇంకో తంజీమ్‌కు బునియాద్ వేశారు. దాని ఉసూల్ సీదా సాదా: మనుషులు హిందుస్తానీలే ఉండాలి, పైసా హిందుస్తానీలదే, ఇంతెజామ్ కూడా వాళ్లదే. ఆ తంజీమ్ పనికి ఎంచుకున్న ఇలాఖానే నిజాం రియాసత్‌లోని డోర్నకల్. 1909లో అజరయ్యే స్వయంగా మకాం మార్చారు. తమిళ మనిషి, తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద పల్లెలు తిరిగారు. ఎక్కువగా మాల, మాదిగ వాడలు. ఆ పక్కనే ఇల్లందు బొగ్గు గనులు, ఆపైన కోయగూడేలు. గోదావరి దాటితే భద్రాచలం, అప్పట్లో అది మద్రాసు ఇలాఖా, అంగ్రేజ్ హుకూమత్.

ఆయన మక్సద్ మజ్‌హబీ ప్రచారమే. దాన్ని నేను దాచను, దానితో మనకు ఇత్తెఫాక్ ఉండక్కర్లేదు. కానీ 1910లో ఎడిన్‌బరోలో ఆయన చేసిన పని మాత్రం ఎవరైనా చదవాలి.

ప్రపంచ మిషనరీ మహాసభ అది. 1,200 మంది దాకా ప్రతినిధులు. ఆసియా వాళ్లు ఇరవై మంది కూడా ఉన్నారో లేదో. ఆయనకు ఇచ్చిన మౌజూ: విదేశీ కార్యకర్తలు, స్థానిక కార్యకర్తల మధ్య సహకారం. షుక్రియాలు చెప్పి దిగిపోవచ్చు. బదులుగా, మీరు మాకు పైసలిస్తారు, ప్రాణాలూ ఇస్తారు, కానీ ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన హిందుస్తానీని ఇంటికి పిలిచి దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోబెట్టరు అన్నారు. మాకు కావలసింది దోస్తీ అన్నారు. చాలామంది దొరలకు అది మింగుడుపడలేదు. నా లెక్కలో ఆ రోజు మాట్లాడింది వేదాంతి కాదు, పద్నాలుగేళ్లు సెక్రటరీగా కుర్రాళ్ల మధ్య తిరిగిన మనిషి. పక్కన కూర్చోకుండా ఎవరినీ దిద్దలేమని ఆ పేషా నేర్పింది.

ఇక మన జమానా. ‘యువ కార్యకర్త’ అంటే జెండా పట్టిన పార్టీ మనిషే గుర్తొస్తాడు, నేననేది ఆ మాట కాదు. 1972లో నెహ్రూ యువ కేంద్రాలు వచ్చాయి. కామన్‌వెల్త్ వాళ్లు ఈ పనికి డిప్లొమా పెట్టారు, ఆసియా కేంద్రం చండీగఢ్‌లో నడిపారు. 2013లో యువ కార్యకర్తల తొలి కామన్‌వెల్త్ మహాసభ అక్కడే జరిగింది. తర్వాత వాళ్ల సంఘాలకు ఒక ఉమ్మడి కూటమి కూడా ఏర్పడింది. చండీగఢ్ కేంద్రం మాత్రం ఆ మరుసటి ఏడాదే మూతపడింది.

మండలంలో నేషనల్ యూత్ వాలంటీరుగా తిరిగిన పిల్లవాడికి దక్కింది నెలకు 5 వేల గౌరవ వేతనం, అదీ రెండేళ్లకు మించకుండా. రెండేళ్లలో గూడెంలో పిల్లలు పేరుతో పిలవడం మొదలుపెడతారు, మియాద్ ముగుస్తుంది. మన మహల్లాల్లో అదీ లేదు. మస్జిద్ కమిటీలో ఇమామ్‌కు, మౌజన్‌కు తన్‌ఖా ఉంది. పదో తరగతి తప్పి పాన్‌డబ్బా దగ్గర నిలబడే కుర్రాడి దగ్గరికి రోజూ వెళ్లే మనిషికి లేదు. అది జుమా తర్వాత ఎవరికి తీరిక ఉంటే వాళ్లు చేసే ఖిద్మత్. వచ్చే కమిటీ మీటింగ్‌లో జమా ఖర్చు చదివేటప్పుడు ఈ పద్దు ఎక్కడుందో అడిగి చూడండి.