పీపాలో పుట్టి సీసాలో మాగిన రుచి

పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో ఫ్యాక్టరీ హౌస్ అని ఒక పాత రాతి భవనం ఉంది. 1790 నాటికి కట్టడం పూర్తయింది. పేరు చూసి యంత్రాలు తిరిగే చోటనుకోవద్దు. ఒకప్పుడు మన మచిలీపట్నంలో ఇంగ్లీషువాళ్లు పెట్టిన ఫ్యాక్టరీ లాంటిదే, వర్తకులు కూడే చోటు. పోర్ట్ వైన్ వ్యాపారం చేసే బ్రిటిష్ సంస్థలవాళ్లు బుధవారం మధ్యాహ్నం అక్కడ భోంచేయడం ఆనవాయితీ. ఆ భవనంలో పక్కపక్కనే, అచ్చు ఒకేలా ఉండే రెండు భోజనశాలలున్నాయి. మొదటి గదిలో భోజనం కాగానే అందరూ ఎవరి రుమాలు వాళ్లు పట్టుకుని లేచి, రెండో గదిలోకి పోయి మళ్లీ అదే వరుసలో కూర్చుంటారు. కూరల వాసన సోకని గది అది. అప్పుడు పోర్ట్ వస్తుంది. ఏ ఏటిదో, ఏ సంస్థదో ముందు చెప్పరు. తాగినవాళ్లే పోల్చుకుని చెప్పాలి.

వాసన చెడకూడదని ఏకంగా ఇంకో గది కట్టుకున్న ఆ మనుషుల పట్టింపు నాకు ఎంతో నచ్చుతుంది. రుచి చూసి పోల్చడం పోర్ట్‌కు తర్వాతెప్పుడో అంటుకున్న సరదా కాదు. ఆ వైన్ ఇవాళ్టి రూపానికి రావడంలో ఆ అలవాటుదే పెద్ద చెయ్యి. దాని చరిత్ర పొడుగునా ఒకటే అనుమానం వెంటాడుతుంది: ఈ పీపాలో ఉన్నది అసలు సరుకేనా?

పీపా అన్న మాట మనకు పోర్చుగీసువాళ్లు ఇచ్చిందే. అలమారా, బాల్చీ, ఇస్త్రీ లాగే అదీ వాళ్ల ఓడల వెంట వచ్చి మన నోట స్థిరపడింది. పోర్ట్‌కు కావలసిన ద్రాక్ష పండే డోరో నది లోయలో మాత్రం పీపా అంటే ఒక కొలత కూడా. 550 లీటర్లు. ద్రాక్షరసం 435 లీటర్లు, ద్రాక్షతోనే కాచిన సారా 115 లీటర్లు కలిస్తే ఆ లెక్క సరిపోతుంది. అందులోనే పోర్ట్ రహస్యమంతా ఉంది. రసం పులవడం మొదలైన రెండు మూడు రోజులకే, పండులోని తీపి ఇంకా సగం మిగిలి ఉండగానే, 77 శాతం ఘాటున్న ఆ సారా పోస్తారు. పులిసే క్రియ అక్కడితో ఆగిపోతుంది. తీపి నిలుస్తుంది, మత్తు ఇరవై శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. పొద్దున తియ్యగా ఉండి, ఎండెక్కేకొద్దీ పులిసిపోయే కల్లును ఎరిగిన మనకు ఈ సూక్ష్మం ఇట్టే అర్థమవుతుంది. అక్కడివాళ్లు ఆ పొద్దుటి తీపిని పట్టి ఆపారు, అంతే.

అయితే మొదట్లో ఇలా చేసేవాళ్లు కాదు. ఈ కథకు మూలం ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ ఉన్న వైరం. 1678లో ఇంగ్లండు ఫ్రెంచి సరుకుల మీద నిషేధం పెట్టింది. తాగే అలవాటున్న దేశానికి వైన్ ఎక్కడి నుంచి రావాలి? వర్తకులు పోర్చుగల్ దారి పట్టారు. 1703లో మెథ్యూన్ ఒప్పందం కుదిరింది. ఇంగ్లీషు ఉన్నిబట్టకు పోర్చుగల్ తలుపులు తెరిచింది. బదులుగా పోర్చుగీసు వైన్ మీద సుంకం ఫ్రెంచి వైన్ కన్నా మూడోవంతు తక్కువ. దాంతో గిరాకీ ఎగబాకింది. సముద్ర ప్రయాణంలో చెడిపోకుండా పీపాల్లో కొంచెం సారా కలిపి పంపడం అప్పటి అలవాటు. దాచడానికి కలిపిందే పోనుపోను రుచికి ప్రాణమైంది.

గిరాకీ ఉన్నచోట కల్తీ పుడుతుంది. పల్చటి వైన్‌లో ఎల్డర్ చెట్ల నల్లటి పండ్ల రసం పిండి రంగు తెప్పించేవాళ్లు, తీపికి చక్కెర కలిపేవాళ్లు. లండన్‌లో నమ్మకం పోయింది, ధర పడిపోయింది. 1755 లిస్బన్ భూకంపం తర్వాత పోర్చుగల్‌ను తన గుప్పిట్లో పెట్టుకుని నడిపిన మంత్రి పొంబాల్ మార్క్విస్ అప్పుడు రంగంలోకి దిగాడు. 1756లో రాజు పేరిట ఒక కంపెనీ పెట్టించాడు. మంచి పోర్ట్ ఏ నేలలో పండుతుందో హద్దులు గీయించి, 335 రాతి స్తంభాలు పాతించాడు. వాటిలో కొన్ని ఇప్పటికీ తోటల మధ్య నిలబడి ఉన్నాయి. లోయలోని ఎల్డర్ చెట్లన్నీ పీకించేశాడు. మరుసటి ఏడు పోర్టోలో సారాయి దుకాణాలవాళ్లూ సామాన్యులూ ఆ కంపెనీ పెత్తనం మీద తిరగబడితే పలువురిని ఉరితీయించాడు కూడా. పొంబాల్‌ను తలచుకుంటే మెచ్చుకోలూ, వణుకూ రెండూ కలుగుతాయి.

కానీ నా కథకు కావలసింది వేరే ఉంది. ఆ కంపెనీ రుచి చూసేవాళ్లను నియమించింది. వాళ్లు నాలుక మీద వేసుకుని తీర్పు చెబితేనే ఏ వైన్ ఇంగ్లండుకు వెళ్లాలో, ఏది దేశంలోనే చవగ్గా అమ్ముడుపోవాలో తేలేది. ఒక్క గుక్కతో రైతు ఏడాది రాబడి తారుమారు. ఆ సంప్రదాయం పేరు మార్చుకుని ఇవాళ్టికీ నడుస్తోంది. ఇప్పుడు డోరో, పోర్ట్ వైన్ల సంస్థలో నిపుణులు పేర్లు కనపడని నమూనాలను రుచి చూసి ఒప్పుకుంటేనే సీసా మెడకు హామీ ముద్ర పడుతుంది.

ఆ నేలను కూడా ఒకసారి చూడాలి. పలకలు పలకలుగా విడిపోయే రాయి, నిటారు కొండలు, వాటికి చెక్కిన మెట్లు, మెట్లమీద తీగలు. వేసవిలో కాలిపోతుంది, చలికాలంలో గడ్డకడుతుంది. 2001లో యునెస్కో దాన్ని వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. సెప్టెంబరులో పండు కోసి గ్రానైట్ తొట్లలో పోస్తారు. కొన్ని తోటల్లో ఇప్పటికీ మనుషులు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి వరుసకట్టి, మోకాళ్లపైదాకా రసంలో దిగి, లెక్కప్రకారం అడుగులేస్తూ తొక్కుతారు. పాదానికి గింజ నలగదు, తొక్క మాత్రం నలుగుతుంది. గింజ నలిగితే చేదు. అందుకే ఆ పద్ధతి ఇన్నాళ్లు నిలిచింది.

అలా తయారైన పీపాలను రబేలో అనే అడుగు చదునైన పడవల్లో నది మీద పోర్టోకు ఎదురొడ్డున ఉన్న గాయా గిడ్డంగులకు దించేవాళ్లు. ఆనకట్టలు కట్టకముందు డోరో మహా ఉగ్రమైన నది. 1861లో వలేరా సుడుల దగ్గర ఒక పడవ తిరగబడింది. అందులో జోసెఫ్ ఫారెస్టర్ ఉన్నాడు. డోరో నదికి మొదటి మంచి పటం గీసింది ఆయనే. కల్తీని దుయ్యబడుతూ, పులవడం పూర్తికాకముందే సారా పోయడం కూడా తప్పేనంటూ 1844లో పేరు లేకుండా పుస్తకం వేసిందీ ఆయనే. శవం కూడా దొరకలేదు. నడుముకు కట్టుకున్న డబ్బు సంచి బరువుకు మునిగిపోయాడని అంటారు. అదే పడవలో ఉన్న పెద్ద తోటల యజమానురాలు డోనా ఆంటోనియా ఫెరీరా మాత్రం బతికింది. గాలి నిండిన గౌను ఆవిడను నీటిపైన తేల్చిందని చెప్పుకుంటారు. సారా సంగతిలో ఫారెస్టర్ ఓడిపోయాడు. 1820లో పంట విపరీతమైన తీపితో వచ్చిందట. ఆ రుచి మరిగినవాళ్లు ఏటా అదే కావాలన్నారు. ఆ తీపిని మిగల్చాలంటే సారా పోయక తప్పలేదు.

ఇంక సీసా సంగతి. తొలినాటి సీసాలు బొర్ర పొట్టతో, నిలబెట్టడానికే తప్ప పడుకోబెట్టడానికి పనికొచ్చేవి కావు. 18వ శతాబ్దం గడిచేకొద్దీ అవి సన్నగా, నిటారుగా మారాయి. పడుకోబెడితే బిరడా తడిగా ఉంటుంది, గాలి చొరబడదు. అప్పుడే ఒక ఏటి వైన్‌ను దశాబ్దాలు దాచవచ్చని తెలిసింది. వింటేజ్ పోర్ట్ పుట్టింది అలా. గొప్ప ఏడనుకున్నప్పుడు మాత్రమే సంస్థలు దాన్ని ప్రకటిస్తాయి, మామూలుగా పదేళ్లలో మూడుసార్లు. రెండేళ్లు పీపాలో ఉంచి సీసాకెక్కిస్తారు, మిగతా మాగుడంతా సీసాలోనే. టానీ అనే రకం ఇందుకు విరుద్ధం. అది ఏళ్ల తరబడి పీపాలోనే గాలి పీల్చుకుంటూ మాగుతుంది.

జాడీలో మాగే ఆవకాయ కొత్తలో ఒకలాగా, ఆర్నెల్లకు ఒకలాగా ఉంటుందని మనకు తెలుసు కదా. వయసులో ఉన్న వింటేజ్ పోర్ట్ నేరేడుపండు తిన్నట్టు, నాలుక బిరుసెక్కే వగరుతో ఉంటుంది. ముప్ఫై, నలభై ఏళ్లకు ఆ వగరు మెత్తబడి ఎండిన అత్తిపండు మాధుర్యం తేలుతుంది. ఇరవై ఏళ్ల టానీలో కాచిన బెల్లపు పాకం, వేయించిన బాదం, నారింజ తొక్క. వగరు అనే ఒక్క మాటతో మనం చెప్పేదాన్ని చెప్పడానికి ఇంగ్లీషు రుచిగాళ్లు ఎంతో అవస్థపడతారు. ఈ విద్యకు మన భాష ముందే సిద్ధంగా ఉంది.

అభిమానులు పోల్చే తీరు రెండు రకాలు. ఒకే ఏటివి, వేర్వేరు సంస్థలవి వరసగా పెట్టడం ఒకటి. ఒకే సంస్థవి, వేర్వేరు ఏళ్లవి పెట్టడం ఇంకొకటి. 1945, 1963, 1977, 1994 అనే అంకెలు వాళ్ల నోట మనం పంచాంగంలో సంవత్సరాల పేర్లు చెప్పినట్టు పలుకుతాయి. 1931 కథ ఇంకా ఇష్టం: పంట అద్భుతం, కానీ ప్రపంచమంతా మాంద్యం. చాలా సంస్థలు ప్రకటించడానికి జంకాయి. కింటా డు నోవాల్ జంకలేదు, ఆ సీసాలే దానికి పేరు తెచ్చాయి. మరో చిక్కు కూడా ఉంది. 1970ల మొదటిదాకా చాలా వింటేజ్ పోర్ట్ పీపాల్లోనే బ్రిటన్‌కు పోయి, అక్కడి వర్తకుల చేత సీసాల్లో నిండేది. కాబట్టి ఒకే సంస్థ, ఒకే ఏడు అయినా ఎవరు నింపారన్నదాన్ని బట్టి రుచి తేడా. లేబుల్ ఊడిపోయిన సీసాలో ఏముందో బిరడా మీద కాల్చిన అక్షరాలే చెప్పాలి.

ఆ బిరడా అరవై ఏళ్లకు పొడిపొడి అవుతుంది. అందుకని పట్టకారు ఎర్రగా కాల్చి సీసా మెడకు నిమిషంపాటు పట్టి ఉంచుతారు. తీసిన వెంటనే తడిగుడ్డ చుడితే, టక్కుమని గాజు నున్నగా విడిపోతుంది. అంతకు ఒకటి రెండు రోజుల ముందే సీసాను నిలబెట్టి ఉంటారు, మడ్డి అడుక్కి దిగాలని. పాత సీసాలకు ఒకవైపు సున్నపు చుక్క కనిపిస్తుంది, పడుకోబెట్టినప్పుడు ఏ వైపు పైకి ఉండాలో గుర్తుకు. మెడ వెనక కొవ్వొత్తి వెలిగించి, ఆ వెలుతురులో వైన్‌ను గాజు కూజాలోకి సన్నధారగా వంచుతారు. ధారలో నల్లటి పోగు కనబడిన క్షణం చెయ్యి ఆగుతుంది. మిగిలింది మల్లుగుడ్డలో వడకడతారు. ఆ వంచే మనిషి ఊపిరి బిగబట్టడం, చుట్టూ కూర్చున్నవాళ్లు మాట మానేయడం, పూజలో హారతి వేళ ఇంటిల్లిపాదీ నిలబడే నిశ్శబ్దానికి దగ్గరగా ఉంటుంది.

ఇంగ్లండులో మరో ఆచారం ఉండేది. బిడ్డ పుట్టినప్పుడు తండ్రో, జ్ఞానస్నానపు తండ్రో ఆ ఏటి పోర్ట్ ఒక పీపా కొని పెట్టేవాడు, సుమారు 700 సీసాలు. ఇరవై ఒకటో ఏట బిడ్డ మొదటిది తెరవాలి. ఇప్పుడు పీపాలకు పీపాలు కొనేవాళ్లు అరుదు, పెట్టె చాలు. 2016, 2017 వరుసగా రెండేళ్లూ చాలా సంస్థలు వింటేజ్ ప్రకటించాయి, అలా జరగడం బహు అరుదు. ఆ ఏళ్లలో పుట్టిన పిల్లలు ఇంకా బడికి వెళ్తున్నారు. వాళ్ల పేరిట కొన్న సీసాలు సున్నపు చుక్క పైకి పెట్టుకుని చీకట్లో పడుకుని ఉన్నాయి, లోపలి ఎరుపు ఇంకా సిరా రంగులోనే.