కృష్ణాతీరమున పాదిరి దంపతుల కాపురములు

ఆంధ్రదేశమునందలి క్రైస్తవ మిషనుల చరిత్రమును వ్రాసినవారు పాఠశాలల స్థాపనమును, దేవాలయముల నిర్మాణమును, మతము పుచ్చుకొన్నవారి సంఖ్యను విపులముగా వర్ణించిరి. సముద్రములు దాటి వచ్చిన ఆ కుటుంబములవారు ఇచ్చట కాపురమెట్లు చేసిరి, ఎవరి తోడ్పాటున చేసిరి, దానికై యేమి మూల్యము చెల్లించిరి అను విషయములు మాత్రము ప్రాసంగికముగనే మిగిలిపోయినవి. కృష్ణామండలమున వీనిని విచారించినచో, పరదేశి ఇచ్చట నిలుచుట ఆతని సంకల్పబలముకంటె ఇతరుల శ్రమపైననే యధికముగ నాధారపడియుండెనని తేలుచున్నది.

ఆ యితరులలో మొదట చెప్పవలసినవారు భాషోపాధ్యాయులు. 1841వ సంవత్సరమున హెన్రీ వాట్సన్ ఫాక్సు, రాబర్టు నోబులు అను నిరువురు చర్చి మిషనరీ సంఘపు పాదిరులు బందరు చేరిరి. ఫాక్సు ఇరువదినాలుగేండ్ల ప్రాయమువాడు, సపత్నీకుడై వచ్చెను. నోబులు ముప్పదిరెండేండ్లవాడు, కడవరకు బ్రహ్మచారిగనే యుండెను. వారు వచ్చునాటికి భాషాభ్యాసమునకు లభ్యములైన సాధనములు స్వల్పములు. కాంబెలుదొర వ్యాకరణము 1816లోను, నిఘంటువు 1821లోను, బ్రౌనుదొర వ్యాకరణము 1840లోను వెలువడియుండెను. బ్రౌనుదొర తెలుగు నిఘంటువు 1852 వరకు అచ్చుపడలేదు. కావున పండితుని సాన్నిధ్యము తప్పనిసరి యయ్యెను. శబ్దరూపములను పుస్తకమునుండి గ్రహింపవచ్చును. కాని బోయీలతోను, వంటవానితోను, పడవవానితోను మాటాడు తీరును, ఎవరిని 'మీరు' అనవలెనో ఎవరిని 'నీవు' అనవచ్చునో తెలుపు మర్యాదను గురుముఖమునను చెవిచేతను తప్ప నేర్చుకొనుట దుర్ఘటము. నోబులు తన యాంగ్లపాఠశాలను తెరచినది 1843 నవంబరు 21వ తేదీన. అనగా బోధింపవచ్చినవాడు రెండేండ్లపాటు తానే శిష్యుడై కూర్చుండవలసివచ్చెను. శిష్యుని పేర బందరున కళాశాల వెలసినది. అట్టివారికి ఓనమాలు దిద్దించిన పండితుల పేళ్లు ప్రసిద్ధికి రాలేదు.

రెండవవారు గృహిణులు. ఉష్ణదేశమున గృహనిర్వహణము, శిశుపోషణము, రోగుల సేవ అను భారములు పాదిరిపత్నులపై పడెను. ఫాక్సు దంపతుల వృత్తాంతము ఇందుకు నిదర్శనము. బందరు వాతావరణము పడక, ఆరోగ్యమునకై వారు నీలగిరులకు పోయి 1843వ సంవత్సరమున మరలివచ్చిరి. 1845లో ఆమె దేహస్థితి మరింత క్షీణింపగా స్వదేశమునకు బయలుదేరిరి. కాని ఆమె ఇంగ్లండు చేరకయే మరణించెను. భర్త తిరిగి బందరు వచ్చెనుగాని, తానును వ్యాధిగ్రస్తుడై 1848లో స్వదేశమునకు మరలి, అక్టోబరు మాసమున ముప్పదియొకటవ యేట కాలధర్మము నొందెను. ఆతడు చదువుకొన్న రగ్బీ పాఠశాలవారు బందరు పాఠశాలలో ఆతని పేర నొక యుపాధ్యాయపదవిని నెలకొల్పిరి. ఏడేండ్లలో ఒక కాపురము ఇట్లు ముగిసెను.

ఒంటరివారి కథ వేరు. నోబులు ఇరువదినాలుగేండ్లు ఒక్కమారైనను స్వదేశమునకు పోక బందరునందే యుండెను. 1852లో ఇరువురు విద్యార్థులు మతము మారగా, నగరవాసులు తమ బిడ్డలను మాన్పించుటచే పాఠశాల దాదాపు శూన్యమయ్యెను. దానిని మరల నిలుపుటకు ఊరివారి విశ్వాసమును మొదటినుండి సంపాదింపవలసివచ్చెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి బందరు ప్రాంతమున దాదాపు 30,000 మందిని బలిగొన్నది. ఆ మరుసటి సంవత్సరమే నోబులు అచ్చటనే మృతినొందెను. నదికి ఆవలితీరమున, గుంటూరు సీమలో, హెయ్యరు అను లూథరను పాదిరి 1842లో నలువదితొమ్మిదవ యేట అడుగిడెను. అప్పటికే భార్యను గోల్పోయిన యాతడు నడుమ స్వదేశమునకు పోయి వైద్యము చదివి వచ్చి పలనాట పనిచేసెను. 1869లో డెబ్బదియాఱేండ్ల ముదిమియందు మూడవమారు ఆంధ్రదేశమునకు వచ్చి రాజమహేంద్రవరమున కొంతకాలము నివసించెను. వయోధికుడు పరదేశమున నిలువలేడను సామాన్యాభిప్రాయమునకు ఇది ప్రత్యుదాహరణము. ఫాక్సుకంటె ఈ యిరువురు దృఢకాయులని చెప్పుట తొందరపాటు. పసిబిడ్డలతోడి సంసారమునకు పట్టు ప్రమాదములు వారికి లేకుండెననుట యుక్తతరము.

అయినను సంసారులెల్లరు ఓడిపోయిరనరాదు. 1836లో గ్రోవ్సు వెంట వచ్చిన బౌడెను, బీరు దంపతులు మొదట బందరునను, పిదప నరసాపురము, పాలకొల్లు ప్రాంతములయందును నివసించిరి. ఇంగ్లండున ఒకడు రాతిపనివాడు, ఒకడు చెప్పులుకుట్టువాడు. ఏ సంఘమునుండియు నియతమైన వేతనము లేదు. గోదావరి ఆనకట్ట కట్టుచుండగా ధవళేశ్వరమున చేరిన కూలీలయందు వారు బోధించిరి. బీరు 1853లో మరణించినను ఆతని కుటుంబము ఈ దేశమును విడువక, రెండవతరమువారును అదే పనియందు నిలిచిరి. చేతిపని యెఱిగి, స్వల్పవ్యయముతో గ్రామస్థుల నడుమ బ్రదికినవారికి ఈ సీమ త్వరగా సొంతసీమయైనట్లు తోచుచున్నది.

బెజవాడ చరిత్ర ఈ విషయమునకు మరియొక కోణమును చూపును. 1852లో ఆరంభమై 1855లో ముగిసిన కృష్ణ ఆనకట్ట, ఇంద్రకీలాద్రి పాదమునగల చిన్న యూరిని కాలువల కూడలిగా మార్చెను. వన్ టౌను అని నేడు పిలువబడు పాతబస్తీకి ఆ కాలువలవలన బందరుతో పడవరాకపోకలు సులభమయ్యెను. 1858లో డార్లింగు పాదిరి బెజవాడను కేంద్రముగా జేసికొనెను. మరుసటి యేట రాఘవాపురమునుండి పాగోలు వెంకయ్య అను మాలపెద్ద ఆతనిని వెదకికొని వచ్చెను. మిషను కథనములు దీనిని పాదిరి విజయముగా లెక్కించినవి. నడచివచ్చినవాడు వెంకయ్య యను సంగతి మాత్రము మరువరాదు. ఆతని బంధువర్గమును, చుట్టుపట్ల పల్లెలును పిలువనిచో బెజవాడ బంగళా పరదేశి విడిదిగానే మిగిలియుండెడిది. ఆ ఆనకట్ట 1952లో గండిపడెను. 1957లో దానికి బదులు ప్రకాశము బరాజు వెలసెను.

కాబట్టి పాదిరుల చరిత్ర పాదిరులది మాత్రమే కాదు. అక్షరము నేర్పిన పండితుడు, పల్లకి మోసిన బోయీ, పడవ నడపిన సరంగు, బిడ్డల నడుమ ఆరోగ్యమును ధారవోసిన గృహిణి, తలుపు తట్టిన పల్లెవాడు, వీరందరు కలిసి పరదేశికి ఇల్లు కట్టిరి. నోబులు నివాసకాలమును ఇరువదినాలుగు సంవత్సరములని గణించునపుడు, ఫాక్సు కాపురమునకు పట్టిన ఏడు సంవత్సరములను, అందు పోయిన గృహిణి ప్రాణమును ప్రక్కన నుంచి చూచినగాని ఆ లెక్క సరిపడదు.