త్రాగునీటి క్లోరినీకరణ

త్రాగునీటిలోని రోగకారక సూక్ష్మజీవులను నశింపజేయుటకు క్లోరిన్ వాయువును గాని, బ్లీచింగ్ పౌడరు వంటి క్లోరిన్ సమ్మేళనాలను గాని తగు మోతాదులో నీటిలో కలిపే ప్రక్రియను క్లోరినీకరణ లేదా క్లోరినేషన్ అంటారు. కలరా, టైఫాయిడ్ వంటి వ్యాధులను అరికట్టడంలో దీని పాత్ర గణనీయమైనది. అయితే క్లోరిన్ స్వయంగా విషవాయువు కనుక, అది కలిసిన నీటిని జీవితాంతం త్రాగడం ఎంతవరకు క్షేమమనే ప్రశ్న మొదటినుండీ ఉంది.

చరిత్ర

1897లో ఇంగ్లాండులోని మెయిడ్‌స్టోన్ పట్టణంలో టైఫాయిడ్ ప్రబలినపుడు నీటి గొట్టాలను బ్లీచింగ్ పౌడరు ద్రావణంతో శుద్ధి చేశారు. 1908లో అమెరికాలోని జెర్సీ నగరపు నీటికి డా. జాన్ లీల్ ఆధ్వర్యంలో నిరంతర క్లోరినీకరణ ప్రారంభమైంది. ఆ నగరానికి, నీటి సరఫరా కంపెనీకి మధ్య నడచిన వ్యాజ్యంలో ఈ పద్ధతి క్షేమకరమేనని న్యాయస్థానం తీర్పు చెప్పింది.

పనిచేయు విధానం

క్లోరిన్ నీటిలో కరిగినపుడు హైపోక్లోరస్ ఆమ్లం ఏర్పడుతుంది. సూక్ష్మజీవులను చంపేది ముఖ్యంగా ఇదే. నీటి క్షారగుణం పెరిగేకొద్దీ దీని శక్తి తగ్గుతుంది. కలిపిన క్లోరిన్‌లో కొంత భాగం నీటిలోని మలినాలతో చర్య జరిపి ఖర్చవుతుంది. మిగిలిన దానిని అవశేష క్లోరిన్ అంటారు. గొట్టాలలో ప్రయాణించేటపుడు నీటిలో చేరే క్రిముల నుండి ఇది రక్షణ కల్పిస్తుంది.

మోతాదు, పరిమితులు

* సుమారు 33 శాతం క్లోరిన్ లభించే మేలైన బ్లీచింగ్ పౌడరు 1000 లీటర్ల నీటికి 2.5 గ్రాములు చాలును. కలిపిన తరువాత కనీసం ఒక గంట ఆగాలి.
* గాలి, వెలుతురు, తేమ తగిలితే పౌడరు సత్తువ కోల్పోతుంది. కనుక మూత బిగించి భద్రపరచాలి. దీనిని ఆమ్లాలతో కలిపితే విషవాయువు వెలువడుతుంది.
* భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 (2012) ప్రకారం అవశేష క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. వేరే నీటివనరు లేనిచోట 1 మిల్లీగ్రాము వరకు అనుమతిస్తారు.
* ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన గరిష్ఠ విలువ లీటరుకు 5 మిల్లీగ్రాములు. ఇంతకంటే బాగా తక్కువ మోతాదులోనే చాలామందికి క్లోరిన్ వాసన తెలుస్తుంది. కనుక వాసన వచ్చినంత మాత్రాన నీరు హానికరమని భావించరాదు.

ఉపోత్పన్నాలు

ఆకులు అలములు కుళ్ళగా నీటిలో చేరిన సేంద్రియ పదార్థాలతో క్లోరిన్ చర్య జరిపితే క్లోరోఫారం వంటి ట్రైహాలోమీథేన్లు ఏర్పడతాయి. 1974లో నెదర్లాండ్స్‌కు చెందిన రసాయన శాస్త్రజ్ఞుడు యోహానెస్ రూక్ ఈ సంగతిని ప్రకటించాడు. క్లోరోఫారం అధిక మోతాదులో జంతువులకు క్యాన్సర్ కలిగించింది. మనుషులలో కొన్ని అధ్యయనాలు ఇటువంటి నీటికి, మూత్రాశయ క్యాన్సర్‌కు సంబంధాన్ని చూపినా, అదే కారణమని రుజువు కాలేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1991లో క్లోరినీకరించిన త్రాగునీటిని క్యాన్సర్ కారకమో కాదో వర్గీకరించుటకు వీలుకాని జాబితాలో చేర్చింది. అమెరికాలో మొత్తం ట్రైహాలోమీథేన్లకు లీటరుకు 0.08 మిల్లీగ్రాముల పరిమితి ఉంది.

శుద్ధి చేయని నీటి వలన కలిగే ప్రమాదంతో పోలిస్తే ఉపోత్పన్నాల ప్రమాదం అతి స్వల్పమనీ, వాటికి భయపడి క్రిమిసంహారం విషయంలో రాజీపడరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పటికతో తేర్చి, ఇసుక పొరలలో వడకట్టి, ఆ తరువాత క్లోరిన్ కలిపితే ఈ పదార్థాలు తక్కువగా ఏర్పడతాయి.

లోపాలు

క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవిని క్లోరిన్ సులభంగా చంపలేదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో దీనివలన సుమారు 4 లక్షల మంది అస్వస్థులయ్యారు. నల్గొండ ప్రాంతాన్ని పీడించిన ఫ్లోరైడు వంటి లవణాలను కూడా క్లోరిన్ తొలగించదు.

ఇవి కూడా చూడండి

* కలరా
* బ్లీచింగ్ పౌడరు
* ఫ్లోరోసిస్