రహదారి, నిరోధ్, రక్తపరీక్ష: కృష్ణా మెట్టప్రాంతం నుంచి ఒక భయం చరిత్ర

కీలకపదాలు: హెచ్‌ఐవి, సుఖవ్యాధి, నిరోధ్, ఎలీసా, పులిరాజా, నందిగామ, జగ్గయ్యపేట

వ్యాధుల చరిత్రకారులు సోకినవారి లెక్కలు చూస్తారు. సోకనివారి భయానికి లెక్క ఉండదు. కండోమ్ వాడి, అది చిరగలేదని తెలిసి కూడా నెలల తరబడి పరీక్ష నుంచి పరీక్షకు తిరిగే వ్యక్తి గణాంకాల్లో ఒక 'నెగటివ్'గా మాత్రమే మిగులుతాడు. అతని భయం ఎక్కడ పుట్టిందన్నదే ఈ వ్యాసం పరిశీలించే అంశం.

జగ్గయ్యపేట, నందిగామల మీదుగా సాగే హైదరాబాదు–విజయవాడ రహదారి పాత లెక్కలో 9వ నంబరు, ఇప్పుడు 65. సిమెంటు, మిర్చి, పత్తి లారీల మీదే కదిలే ప్రాంతమిది. 1986లో మద్రాసులో సునీతి సోలోమన్, సెల్లప్పన్ నిర్మల చేసిన కృషి వల్ల దేశంలో తొలి హెచ్‌ఐవి కేసులు వెలుగుచూశాయి. ఆ రక్తనమూనాలు సెక్స్ వర్కర్లవి. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడిన తరువాత లారీ డ్రైవర్లు కూడా ప్రత్యేక దృష్టి పెట్టవలసిన జాబితాలో చేరారు. నిఘాకు ఈ వర్గీకరణ అవసరమే. అయితే అది జనం మాటలోకి దిగేసరికి ప్రమాదం చేసిన పనికి కాక మనిషికి అంటుకుంది. ఏ విధంగా కలిశారన్నది వెనక్కి పోయి, ఎవరితో కలిశారన్నదే ముందుకు వచ్చింది. కండోమ్ వాడినవాడు కూడా తనను ఆ జాబితాలోనే చూసుకోవడం ఇక్కడినుంచే మొదలైందని నా అభిప్రాయం.

దీనికి పాత పునాది ఉంది. తెలుగులో ఈ రోగాలకు స్థిరపడిన పేరు 'సుఖవ్యాధి'. సుఖానికి శిక్ష అన్న తీర్పు ఆ పేరులోనే ఉంది. బస్టాండు గోడల మీద గుప్తరోగాల ప్రకటనలు, లాడ్జి గదుల్లో మకాం వేసే 'డాక్టర్లు' ఎయిడ్స్ కన్నా ముందే ఆ భయాన్ని సరుకుగా మార్చారు.

ఇక నిరోధ్. 1968లో కుటుంబనియంత్రణ కోసం ప్రభుత్వం ప్రవేశపెట్టిన ఈ పేరు దాదాపు ఇరవై ఏళ్లపాటు 'పిల్లలు వద్దు' అన్న అర్థంలోనే చలామణీ అయింది. అదే వస్తువుకు ఎయిడ్స్ కాలం రెండో అర్థం కల్పించింది. గర్భం రాకపోతే నెలలోనే తెలుస్తుంది. వైరస్ రాలేదన్న సంగతి దేహం తనంతట తాను చెప్పదు. నిరోధ్ మీద దంపతులకు కుదిరిన నమ్మకం ఈ రెండో పనిలో కుదరకపోవడానికి ఇదొక కారణం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని గోడలెక్కిన ప్రచారం మరువరానిది. దాని విజయమే దాని లోపం కూడా. ప్రశ్న నిలిచినంతగా జవాబు నిలవలేదు. పులిరాజా కండోమ్ వాడి ఉంటే ఆ ప్రశ్నను ఎక్కడ ఆపాలో ఎవరూ గట్టిగా చెప్పలేదు. మూడవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2005–06) ప్రకారం రాష్ట్రంలో వయోజనుల్లో హెచ్‌ఐవి 0.97 శాతం. దేశం సగటుతో పోలిస్తే అది చాలా ఎక్కువ. అయినా వందలో తొంభైతొమ్మిది మందికి అది లేదన్న అర్థం కూడా అందులోనే ఉంది.

పరీక్ష చరిత్ర వేరుగా నడిచింది. ఎలీసా వెతికేది ప్రధానంగా వైరస్‌ను కాదు, దానికి దేహం తయారుచేసే ప్రతిరక్షకాలను. అవి ఏర్పడేందుకు పట్టే వ్యవధే విండో పీరియడ్. అందుకే పాత పరీక్షల కాలంలో మూడు నెలలు ఆగమనేవారు. కొత్త పరీక్షలు ఆ గడువును తగ్గించాయి. ఆందోళనపడే మనిషికి మాత్రం పాత గడువే గుర్తుంటుంది. 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏఆర్‌టి మందులు మొదలయ్యే దాకా పేదలకు ఆ కాగితం దాదాపు మరణశాసనమే. మందులు వచ్చి రెండు దశాబ్దాలు దాటినా, పరీక్షకు వెళ్లే అడుగుల్లో ఆనాటి భయమే నడుస్తోంది.

సరిగా వాడి, చిరగని, జారని కండోమ్‌తో జరిగిన సంపర్కంలో హెచ్‌ఐవి ప్రమాదం అత్యల్పం. చిరిగితే 72 గంటల్లోపు మొదలుపెట్టే నివారణ మందులున్నాయి. మనసు కుదుటపడకపోతే గడువు దాటాక చేసిన ఒక్క పరీక్ష చాలు. ఆపైన ప్రతి నెలా చేయించేది వైరస్ కోసం కాదు, అపరాధభావం కోసం. దానికి ప్రయోగశాలలో జవాబు దొరకదు.

2017లో చేసి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి తెచ్చిన చట్టం పరీక్షకు సమ్మతిని, ఫలితానికి గోప్యతను హక్కుగా చేసింది. సలహా, పరీక్షా కేంద్రాలు ప్రాంతీయ ఆసుపత్రుల దాకా వచ్చాయి. అయినా చిన్న పట్టణంలో చీటీ రాసేవారు పక్కవీధి వారే కావచ్చు. నందిగామలో ఉచితంగా దొరికే పరీక్ష కోసం విజయవాడ బస్సెక్కే మనిషిని ఊహించుకోవడం కష్టమేమీ కాదు.